రెండో ప్లేటు

1988 నవంబరు 13, ఆదివారం. మధ్యాహ్నం ఖడగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టరులో కృతజ్ఞతా కూడిక. హాజరైనవారు: తెలుగు క్రైస్తవ సంఘం పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, సంఘ పెద్ద (మెయిలు బండ్లు నడిపి రిటైరైన డ్రైవరు), మలంచాలో ఉండే నా బావమరిది, అతని భార్య, పక్క క్వార్టరు బెంగాలీ దాదా, వర్క్‌షాపులో నాతోటివాడు, నా భార్య, మా అమ్మాయి, నేను.

ఆనాటి డైరీలో ఉన్నది ఇంతే. నేను వర్క్‌షాపు టైమ్ ఆఫీసులో పనిచేశాను. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని రాయడమే నా ఉద్యోగం. ఇంటికి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎవరు ఏమన్నారో రాసే అలవాటు మాత్రం లేదు. అవి రాయకపోయినా గుర్తున్నాయి. ఇప్పుడు ఇదే ఊళ్ళో తాల్‌బగీచా ఇంట్లో తీరిగ్గా కూర్చుని, గుర్తున్నవి గుర్తున్నట్టు రాస్తున్నాను.

కూడిక ఎందుకంటే మా అమ్మాయి ఒక నక్షత్రాన్ని కనిపెట్టింది. అప్పటికి ఆమె దక్షిణాన ఒక కొండ మీది పరిశోధనాలయంలో పరిశోధక విద్యార్థిని. ఆ కొండ పేరు, అక్కడి పెద్దల పేర్లు ఇక్కడ రాయదలచుకోలేదు. కొండ మీద పెద్ద టెలిస్కోపు ఉంది. దానితో పని చేయాలంటే రాత్రులు పంచుతారు. జనవరి నుంచి ఆకాశం నిర్మలంగా ఉంటుంది గనక ఆ రాత్రులు ప్రొఫెసర్లు తీసుకుంటారు. అక్టోబరు, నవంబరుల్లో ఆ కొండ మీద వానలు. ఆ రాత్రులు ఎవరూ అడగరు. అవి మా అమ్మాయికి ఇచ్చారు. నేను ఆశ్చర్యపోలేదు. మా వర్క్‌షాపులోనూ పండగ పూట నైట్ డ్యూటీ కొత్తవాళ్ళకే పడేది.

ఆ నవంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం వాన తెరిపిచ్చింది. కొండ మీద మిగిలినవాళ్ళు పేకాట మానలేదట. ఈమె వెళ్ళి గుమ్మటం తెరిపించి, ఎప్పుడూ ఫొటో తీసే నక్షత్ర మండలానికే మళ్ళీ ఒక ఫొటో తీసింది. వాళ్ళ ఫొటో ఫిల్ము మీద కాదు, గాజు ప్లేటు మీద పడుతుంది. ప్లేటు మీద వెలుతురు పడుతున్నంతసేపూ టెలిస్కోపు గురి తప్పకుండా కంటితో కాపలా కాయాలి. తర్వాత చీకటి గదిలో కడగాలి. మర్నాడు ఆ ప్లేటును పాత ప్లేటు పక్కన పెట్టి చూస్తే, దూరపు గెలాక్సీ అంచున పాతదానిలో లేని చుక్క ఒకటి కొత్తదానిలో ఉంది.

ఆమె గైడు ప్రొఫెసరు. కింద నగరంలో ఉంటాడు. ప్లేటు తీసుకుపోయి చూపించింది. ఆయన చాలాసేపు చూసి, ఒక్క ప్లేటుతో ఏమీ చెప్పలేం, ప్లేటు మీది మందులో మరకైనా కావచ్చు, రెండో ప్లేటులో కూడా కనిపిస్తేనే లోకానికి చెప్పాలి, అంతవరకు నోరు విప్పొద్దు అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. రెండో ప్లేటు కోసం ఆమె మళ్ళీ కొండెక్కింది. మళ్ళీ వాన పట్టుకుంది. ఎన్ని రోజులున్నా గుమ్మటం తెరిచే వీలు లేకపోయింది. అప్పుడు గైడే అన్నాడు, నువ్వు ఇంటికి వెళ్ళి రా, వాన తగ్గాక ఇద్దరం కలిసి తీద్దాం అని.

ఆమె వెంటనే బయలుదేరడానికి కారణం ఉచిత రైలు పాసు. రైల్వేవాళ్ళకు తెలుసు, ఏడాదికి ఇచ్చిన పాసులు ఆ ఏడాది వాడుకోకపోతే పోతాయి. మా ఇళ్ళల్లో ప్రయాణాలు పనిని బట్టి కాదు, పాసును బట్టి జరిగేవి. చుట్టం చనిపోయినా, పెళ్ళయినా ముందు పాసు సంగతి చూసుకునేవాళ్ళం. ఆ ఏటి చివరి పాసు అమ్మాయికి పంపింది నేనే. డిసెంబరులో ఆమెకు పరీక్ష ఉంది, మళ్ళీ వీలు కాదు. వాన పడుతోంది, గైడు వెళ్ళమన్నాడు, పాసు చేతిలో ఉంది. వచ్చింది. పాసు పంపడమే కొంప ముంచిందని నా భార్య చాలా ఏళ్ళు అంది. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. సెలవు మీద వెళ్ళినవాడి పని తిరిగి వచ్చేదాకా అతని పనే. టైమ్ ఆఫీసులో మేము అలాగే లెక్క కట్టేవాళ్ళం.

ఇంటికి వచ్చిన రాత్రే తల్లికి సంగతి చెప్పింది. తల్లి అమ్మగారికి చెప్పింది. ఆదివారం ఆరాధనలో అయ్యగారు అమ్మాయి పేరు, ఇంటి పేరుతో సహా చదివి, మన సంఘపు బిడ్డ ఒక నక్షత్రాన్ని కనుగొన్నందుకు దేవునికి స్తోత్రం అన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. అమ్మాయి తల దించుకుని కూర్చుంది. బయటికి రాగానే తల్లిని పట్టుకుంది.

"ఇంకా అవనేదమ్మా. రెండోది తియ్యాల. సారు ఎవురికీ సెప్పొద్దన్నారు."

"ఊరోళ్ళకి సెప్పొద్దన్నారు గాని దేవుడికి సెప్పొద్దన్నారేటి?" అంది నా భార్య. "అయినాక సెప్తే అది కృతజ్ఞత. అవకముందు సెప్తే అది విశ్వాసం."

మావాళ్ళలో ఇది ఉంది. రాని ఉద్యోగానికి, తగ్గని జ్వరానికి ముందే కృతజ్ఞతలు చెబుతాం. అలా చెప్పి పెడితే దేవుడు మాట తప్పలేడని నమ్మకం. నేనూ నమ్మేవాణ్ణి.

మధ్యాహ్నం పాటలు, వాక్యం, ప్రార్థన అయ్యాక పులిహోర, టీ ఇచ్చాం. నా బావమరిది సుఖంగా కూర్చుని మేనకోడల్ని పిలిచాడు.

"ఏటే, సుక్కలు అన్నన్నుంటాయి గదా. కొత్తదని నీకెలా తెలిసినాది?"

గోడ మీద సంఘం గ్రూపు ఫొటోలు రెండు ఉండేవి, రెండూ క్రిస్మసుకి తీసినవి. అమ్మాయి వాటిని దించి అతని ముందు పెట్టింది.

"మావా, ఇది పోయినేడుది. ఇది అంతకుముందుది. ఈ రెండూ సూసి, కొత్తగా వచ్చి నిలబడినోళ్ళు ఎవురో సెప్పు."

బావమరిది కళ్ళజోడు సవరించుకుని వెతికాడు. సంఘ పెద్ద కూడా వంగి చూశాడు. ఆయనే ముందు పట్టుకున్నాడు.

"ఇదిగో, ఈ సివర. గేటుమేన్ అల్లుడు."

"అదే తాతా. నాను సేసింది అదే. ఎప్పుడూ ఉండే సుక్కలు ఎప్పుడూ ఉండే కాడే ఉన్నాయి. ఒకటి కొత్తగా సివర నిలబడినాది."

"అయితే పుట్టిందన్నమాట," అన్నారు అయ్యగారు.

"పుట్టలేదండి. చచ్చిపోతున్నాది. పెద్ద నక్షత్రం ఒకటి పేలిపోయినాది. పేలినప్పుడే మనకి కనిపిస్తాది. సూపర్‌నోవా అంటారు. కొన్ని నెలల్లో ఆరిపోతాది."

బావమరిది టీ కప్పు కింద పెట్టాడు. "సచ్చిందానికి స్తుతి కూడికేటే? జ్ఞాపకార్థ కూడిక పెట్టాల గాని."

అందరూ నవ్వారు. అయ్యగారు కూడా నవ్వారు. సంఘ పెద్ద మాత్రం నవ్వలేదు. తన సర్వీసంతా సిగ్నల్ లైట్లే చూశానని, వాటిలో ఒక్కదానికైనా తన పేరు పెట్టలేదని, ఈ గుంట ఒక్కసారి చూసి పేరు కొట్టేసిందని అన్నాడు.

"దానికి నా పేరు పెట్టరు తాతా. సంవత్సరం, ఒక అక్షరం, అంతే పెడతారు. ఎవురు ముందు సూసినారో మాత్రం కాగితం మీద రాస్తారు."

"ఆ కాగితమే కావాల మనకి," అన్నాడు సంఘ పెద్ద.

నిజానికి ఆ కాగితమే కావాలి. కూడికకు వచ్చినవాళ్ళలో ఎవరికీ గెలాక్సీ అంటే ఏమిటో తెలియదు, నాతో సహా. మాకు తెలిసినదల్లా ఒకటే. వర్క్‌షాపు కాలనీలో పుట్టిన ఒక ఆడపిల్ల పేరు, ప్రపంచంలో ఆకాశం చూసేవాళ్ళందరూ చదివే కాగితం మీద పడాలి. పడితే ఆమె పై చదువుకు, ఉద్యోగానికి ఇక ఎవరి సిఫారసూ అక్కర్లేదు. పడకపోతే వాన రాత్రులు ఇచ్చిన చోటే ఉంటుంది.

ఇక్కడ కొన్నేళ్ళు ముందుకు వెళ్ళి ఒక సంగతి చెప్పాలి. తర్వాత చెబితే నాకు కోపం వచ్చి సరిగా రాయలేను.

తొంభైల మధ్యలో, నేను రిటైరయ్యాక, ప్రేమ్ బజార్‌లో కాగితాలు కొనడానికి వెళితే ఆ దుకాణం గోడ మీద ఒక నోటీసు కనిపించింది. ఇంజనీరింగ్ క్యాంపస్‌లో ఉపన్యాసం, వక్త పేరు ఆ గైడుది. అందరికీ ప్రవేశం ఉందని రాసి ఉంది. సైకిలు మీద వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. మనిషి బాగున్నాడు. మెల్లగా, మర్యాదగా మాట్లాడాడు. తెర మీద ఒక ప్లేటు బొమ్మ వేసి, గెలాక్సీ అంచున చుక్క చుట్టూ గీసిన గుండ్రటి గీత చూపించాడు. ఆ ఏడు వానలు ఎక్కువ, అందరూ ఆశ వదులుకున్నారు, ఒక సాయంత్రం ఎందుకో నా మనసు కొండెక్కమంది, ఎక్కాను, మబ్బు విడిపోయింది అని చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక కుర్రవాడు లేచి, అంతకు ముందు ప్లేట్లలో అది లేదా అని అడిగాడు. ఉంది, రొటీన్‌గా తీసిన ఒక ప్లేటులో తర్వాత వెతికితే దొరికింది అన్నాడు.

తర్వాత వెతికితే. ఆ మాట దగ్గర లేచి నిలబడాలనుకున్నాను. నిలబడలేదు. మా అమ్మాయి అప్పటికి వేరే విషయం మీద థీసిస్ రాసి, ఆయన సంతకంతోనే డాక్టరేటు పుచ్చుకుని, ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా ఉంది. ఆ కాలేజీలో టెలిస్కోపు లేదు. నేను లేచి ఏమన్నా ఆ కబురు ఆమె దాకా వెళుతుంది. ఉపన్యాసం అయ్యాక టీ ఇచ్చారు. తాగకుండా వచ్చేశాను. నేను చేయగలిగిన నిరసన అదే.

ఆ ఆదివారం సాయంత్రానికి వస్తాను. అయ్యగారు దంపతులు, బావమరిది వాళ్ళు వెళ్ళిపోయారు. సంఘ పెద్ద ఉండిపోయాడు. దాదా ఇంట్లో టీవీ ఉండేది. వార్తల చివర వాతావరణం చెబుతూ ఉపగ్రహం తీసిన మబ్బుల బొమ్మ చూపిస్తారని, అది చూడాలని అమ్మాయి పట్టుబట్టింది. అందరం దాదా గదిలో కూర్చున్నాం. దాదా వర్క్‌షాపులో యూనియన్ మనిషి. తెలుగు, బెంగాలీ, హిందీ కలిపి మాట్లాడతాడు. నా భార్య అతనికి బౌదీ, అంటే వదిన; మా అమ్మాయికి అతను కాకూ, అంటే బాబాయి. మా ఇంట్లో కూడికకు పిలిస్తే కళ్ళు మూసుకోకుండా ప్రార్థనలో కూర్చునేవాడు.

బొమ్మ వచ్చింది. దేశం గీత, దాని మీద తెల్లటి మబ్బు. దక్షిణాన మబ్బు లేదు. తుఫాను బలహీనపడి మూడు రోజులుగా ఆ ప్రాంతంలో వానలు తగ్గాయని చెప్పారు.

అమ్మాయి ముఖం వెలిగింది. "నాన్నా, కొండ మీద ఆకాశం తెరిపిచ్చినాది. సారు ఊరుకోరు. రెండో ప్లేటు తీసుంటారు. అయిపోయినాది నాన్నా, కన్ఫర్మ్ అయిపోయుంటాది."

నా భార్య ప్రభువుకి స్తోత్రం అంది. దాదా టీవీ కట్టేసి మా వైపు తిరిగాడు.

"మా, ఏక్‌టా కథా బోలో, ఒక మాట చెప్పమ్మా. రెండో ప్లేటు తీసినప్పుడు నువ్వు అక్కడ ఉన్నావా?"

"లేను కాకూ. ఇక్కడున్నాను గదా."

"పహలా ప్లేటు, మొదటిది, ఎక్కడ ఉంది?"

"సారు దగ్గర."

"నువ్వు ముందు చూసినావు అని సారు కాక ఇంకా ఎవరికి తెలుసు?"

నా భార్య కల్పించుకుంది. "సంఘం మొత్తానికి తెలుసు దాదా. పొద్దున్న అయ్యగారు పేరు సదివినారు."

దాదా నవ్వలేదు. "బౌదీ, మీ గిర్జాలో చదివింది ఖడగ్‌పూర్ దాటదు."

"సారు అలాంటోరు కాదు కాకూ," అంది అమ్మాయి. "కలిసి తీద్దాం అన్నారు."

"ఠీక్ హై. మంచివాడే అయి ఉండనీ," అన్నాడు దాదా.

ఇంటికి రాగానే అమ్మాయి పెట్టె సర్దడం మొదలుపెట్టింది. ఈ రాత్రి మెయిలుకే వెళ్ళిపోతానంది. తిరుగు రిజర్వేషను బుధవారానికి ఉంది. బెర్తు లేకుండా ఆడపిల్లను రెండు రాత్రులు ఎలా పంపుతామని తల్లి తలుపుకు అడ్డం నిలబడింది.

"ఇప్పుడు ఎగిరెల్లి ఏటి సేస్తావు? తీసిన ప్లేటు ఎనక్కి తీస్తావేటి?"

"నాను అక్కడుండాలమ్మా. అంతే."

సంఘ పెద్ద మధ్యలోకి వచ్చి, స్టేషనులో తన మాట ఇంకా చెల్లుతుందని, రేపటి మెయిలుకి బెర్తు ఇప్పించే పూచీ తనదని చెప్పాడు. అమ్మాయి నా వైపు చూసింది. రేపు వెళ్దువుగాని అన్నాను. పెట్టె సగం సర్ది వదిలేసింది. అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్న, నేను డ్యూటీకి తయారవుతుండగా సంఘ పెద్ద వచ్చాడు. బెర్తు అయిపోయిందని చెప్పాడు. చేతిలో ఇంగ్లీషు పేపరు ఉంది. కలకత్తా నుంచి వచ్చిన కట్ట విప్పగానే ప్లాట్‌ఫారం మీద కొన్నాడట. ఇంగ్లీషు అంతగా రాదు, కాని కొండ పేరు, నక్షత్రం అనే మాట గుర్తుపట్టాడు. మొహమంతా సంతోషం.

"నాను సెప్పలేదేటి? పడిపోయినాది పేపర్లో. సదువమ్మా, గట్టిగా సదువు, మీయమ్మ ఇంటాది."

అమ్మాయి పేపరు అందుకుంది. లోపలి పేజీలో చిన్న వార్త. ముందు మనసులో చదువుకుంది. తర్వాత, పెద్దాయన అడిగాడని, నిజంగానే గట్టిగా చదివి తెలుగులో చెప్పింది. దూరపు గెలాక్సీలో సూపర్‌నోవాను మన దేశపు శాస్త్రవేత్త కనిపెట్టారు. గైడు పేరు. ఆయన చదువు, ఆయన అందుకున్న గౌరవాలు. ఇలాంటివి నమోదు చేసే ప్రపంచ కేంద్రానికి శుక్రవారం తంతి పంపారు. పరిశోధనాలయం సిబ్బంది సహకరించారు.

"నీ పేరు ఏదమ్మా?" అన్నాడు సంఘ పెద్ద.

"నేదు తాతా."

"మర్సిపోయుంటారు. పేపరోళ్ళు సగం రాస్తారు, సగం వొదిలేస్తారు."

"అవును తాతా."

ఆయన పేపరు మాకే వదిలేసి వెళ్ళిపోయాడు. నా భార్య వంటింట్లోకి పోయింది. ఏడుస్తోందని తెలుసు గాని వెళ్ళలేదు. నేను టైమ్ ఆఫీసు మనిషిని, నాకు ఒకటే దారి తెలుసు.

"ఉత్తరం రాద్దాం," అన్నాను. "డైరెక్టరుకి. ఏ తారీకున ప్లేటు తీసినావు, ఏ తారీకున ఆయనకి సూపినావు, అన్నీ వరసగా రాద్దాం. దాదా కూడా సాయం సేస్తాడు."

"డైరెక్టరు ఆ ఉత్తరం ఎవురికిస్తారు నాన్నా? సారుకే ఇచ్చి, ఏటిది అని అడుగుతారు." ఆమె గొంతులో కోపం లేదు. "స్కాలర్‌షిప్పు కాగితం మీద ప్రతీ ఏడూ సారు సంతకం ఉండాల. థీసిస్ మీద సారు సంతకం ఉండాల. ఇంకా రెండేళ్ళున్నాది నాకు."

"అయితే ఏటి సేద్దాం?"

"పోస్టాఫీసు తెరిసినాక సారుకి అభినందనల టెలిగ్రాం ఇచ్చి రా. నాను ఎల్లేలోపల అందాల. అందకపోతే నాకు కోపం వచ్చిందనుకుంటారు."

నేను ఆ పూట డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళాను. నా సర్వీసులో నా పేరు ఎదుట ఆలస్యం అని పడింది ఆ రోజే. తంతి ఆఫీసులో అభినందనలకు తయారు వాక్యాలు ఉండేవి. ప్రతిదానికీ ఒక నంబరు. నంబరు చెబితే చాలు, వాక్యం అటువైపు వాళ్ళే రాసి ఇస్తారు. కౌంటరు గుమాస్తా పట్టిక నా ముందుకు తోసి, పెళ్ళా పరీక్షా అని బెంగాలీలో అడిగాడు. పరీక్షే అన్నాను. విజయానికి హృదయపూర్వక అభినందనలు అన్న వాక్యం మీద వేలు పెట్టాను. అతను నంబరు రాసుకుని, కింద ఎవరి పేరు అని అడిగాడు. అమ్మాయి పేరు ఒక్కో అక్షరం చెప్పి రాయించాను.

ఇంటికి వచ్చేసరికి ఆమె పెట్టె సర్దడం పూర్తి చేసింది.

"ఇచ్చినావా నాన్నా?"

"ఇచ్చినాను."

"డ్యూటీకెల్లు మరి," అని, వంటింట్లోకి తల్లి దగ్గరకు వెళ్ళింది.